దాలమ్మప్ప బరువు

కాశీబుగ్గలో జిమ్ము పెట్టిన తవిటినాయుడు
నన్ను కిందనుంచి పైదాకా చూసి
"పొట్ట తగ్గాలేటప్పా?" అన్నాడు.
అక్కర్లేదు.
మనిషినొకర్ని వీపున ఎక్కించుకుని
నాలుగు కిలోమీటర్లు నడవాలి, అన్నాను.

అద్దంలో వాడు నా మొహం చూశాడు.
అద్దంలో నేను వాడి కండలు చూశాను.
బాగున్నాయి,
దసరాకి పసుపురాసి పక్కన పెట్టిన పనిముట్లలాగా.

"ఎవర్ని?"
మా తోడికోడల్ని.
"ఎంతుంటది?"
రక్తం కడగక ముందు యాభై ఆరు,
కడిగిన సాయంత్రం యాభై మూడు.

వాడింకేమీ అడగలేదు.
ఉద్దానంలో పుట్టినోడు.

ఆ తుఫాను గురించి అందరూ గాలి సంగతే చెబుతారు.
నాకు గుర్తున్నది గాలి ఆగినాక.
కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి.
జీడిమామిళ్లు వేళ్లు పైకి చూపిస్తున్నాయి.
రోడ్డు ఎక్కడుందో
రోడ్డు వేసినోళ్లకే తెలియాలి.
ఆరోజు దాలమ్మప్ప పలాస వెళ్లాల్సిన రోజు,
మిషను మీద పడుకోవాల్సిన రోజు.
అన్నదమ్ములిద్దరూ వేరావల్‌లో, బోటు మీద.

ఎత్తుకున్నాను.
ఒక చెట్టు దాటాను, రెండు దాటాను.
పదకొండో చెట్టు దగ్గర మోకాళ్లు
నన్నడక్కుండానే కూర్చున్నాయి.
ఇరవై ఏళ్లు జీడిబట్టీలో
గుండు విరక్కుండా పిక్కలు ఒలిచిన వేళ్లు
ఆమె తొడల కింద ఒక్కొక్కటే ఊడిపోయాయి.
"దించీ సెల్లీ" అంది.
కోపంగా అన్నా బాగుండేది.

తీగలు చూడ్డానికొచ్చిన లైనుమేన్లు
నులకమంచం మీద మోసుకుపోయారు.
బతికింది.
ఆ పదకొండో చెట్టు మాత్రం
కోసి, కట్టెలమ్మి, డబ్బు ఖర్చయిపోయినా
నాకింకా అడ్డంగానే ఉంది.

తవిటినాయుడు నడిచే మిషను ఎక్కించాడు.
అది నడుస్తోంది, నేనక్కడే ఉన్నాను. దిగిపోయాను.
పరుగు నేర్పుతానన్నాడు.
పారిపోయేది నేనొక్కదాన్నే అయితే
నేర్చుకుందును.
చివరికి డబ్బు తీసుకోకుండా ఒక్క ముక్క చెప్పాడు:
"నడుముతో కాదప్పా, తొడల్తో లెగు.
ఊపిరి పొట్టలో బిగబట్టి లెగు."

ఆ ముక్క పట్టుకుని ఊరికొచ్చాను.
యూరియా సంచిలో ఒడ్డునున్న ఇసక పోసి
బట్టీ కాటా మీద తూచాను.
యాభై ఆరు. మూడు కేజీలు తగ్గించుకోలేదు,
తుఫాను
కడిగిన సాయంత్రం చూసుకుని రాదు.

తెల్లారగట్ల, వలలు లాగే జనం లేవకముందే
తడిఇసకలో నడక. తర్వాత పొడిఇసకలో.
తర్వాత తుఫాను షెల్టరు మెట్లు, ముప్పై రెండు.
మొదటి నెల తొమ్మిదో మెట్టు దగ్గర కక్కుకున్నాను.
పిల్లలు నవ్వారు.
పోలమ్మ అయితే మా ఆయనకి ఫోనే చేసింది,
నీ పెళ్లానికి గాలి సోకిందని.
సోకిందే, అబద్ధమేం కాదు.

సంక్రాంతి పోయింది, శివరాత్రీ పోయింది.
ఓ పొద్దున కింది మెట్టు మీద దాలమ్మప్ప కూర్చుని ఉంది.
"ఆ మూటకి నా పేరెట్టినావంట."
అవునన్నాను.
"అది నానెలాగవుతానే?
ఇసక్కి సేతుల్నేవు. నానట్టుకుంతాను."

ఎక్కింది.
కుడిచెయ్యి నా మెడ చుట్టూ వేసి,
సూదులు గుచ్చే ఎడమచెయ్యి
నలగకుండా నా భుజం మీంచి ముందుకు చాపి.
మోకాళ్లతో నా నడుం పట్టింది.
మెట్లు తిరిగే చోట తనూ ఆ పక్కకే ఒరిగింది.
ఇన్ని నెలలూ మూట నా మీద వాలింది కానీ
ఒక్కసారీ నాతో వాలలేదు.

ఇరవయ్యో మెట్టు మీద నాకు వినబడింది,
ఆ ఎడమచేతి నరంలో రక్తం
చెవి పక్కనే బుర్రుమని పోతున్న చప్పుడు,
దూరంగా బోటు ఇంజనేదో తిరుగుతున్నట్టు.

డాబా మీద ఎండ. సముద్రం ఏమీ ఎరగనట్టుంది.
"దించీ సెల్లీ" అంది.
ఉండప్పా, అన్నాను,
ఇంకా లెక్క పెడుతున్నాను.